ఆటోమేటిక్ డైవ్ వాచీయా, మేలురకం క్వార్ట్జ్ వాచీయా: ఎలా తేల్చుకోవాలి?

శుక్రవారం రాత్రి 10 గంటలకు తీసి బల్ల మీద పెట్టిన ఆటోమేటిక్ వాచీని సోమవారం పొద్దున చేతిలోకి తీసుకుంటే, ఆదివారం మధ్యాహ్నం 3 దగ్గర ఆగిపోయి కనిపిస్తుంది. టైమ్ పెట్టాలి, తేదీ తిప్పాలి, అప్పుడు బయటికి కదలాలి. ఈ రెండు నిమిషాల పని కొందరికి ముచ్చట, కొందరికి పొద్దున్నే చిరాకు. నేను రెండో రకం మనిషినని తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు, రెండు వాచీలు పట్టాయి. మీకు అంత పట్టకూడదు.

1. ముందు ప్రశ్నను రెండు ముక్కలు చేయండి

"ఆటోమేటిక్ డైవ్ వాచీ కొననా, మంచి క్వార్ట్జ్ కొననా" అని అడిగేటప్పుడు మనకు తెలియకుండానే రెండు వేరు సంగతుల్ని ఒకే గాటన కట్టేస్తాం. డైవ్, అంటే నీటి లోతుకు దిగడం, వాచీ ఒంటికి సంబంధించిన మాట: కేసు, అద్దం, రబ్బరు సీళ్లు, తిరిగే బెజెల్ (అద్దం చుట్టూ ఉండే నిమిషాల గీతల వలయం). ఆటోమేటిక్, క్వార్ట్జ్ అనేవి లోపలి యంత్రానికి సంబంధించినవి. ఆటోమేటిక్‌లో చెయ్యి కదిలినప్పుడల్లా అర్ధచంద్రాకారంలో ఉండే ఒక బరువు తిరిగి స్ప్రింగుకు కీ ఇస్తుంది. క్వార్ట్జ్‌లో సెల్లు ఇచ్చే కరెంటుకు ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తూ పోతే 1 మిగులుతుంది. ఆ ఒక్కదానికి సెకన్ల ముల్లు ఒక్క అడుగు వేస్తుంది.

ఈ రెండూ కలిసిపోవడానికి కారణం చరిత్ర. ఫ్రెంచి నౌకాదళపు ఈతగాళ్లు రోబేర్ మలూబియే, క్లోద్ రిఫో అడిగినట్టుగా బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ వాచీ వచ్చింది 1953లో. అప్పటికి క్వార్ట్జ్ చేతి వాచీ అనేదే లేదు. మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ, సీకో ఆస్ట్రాన్, అమ్మకానికి వచ్చింది 1969 డిసెంబర్ 25న. అంటే ఇప్పటి తరహా డైవ్ వాచీ ఆటోమేటిక్‌గా పుట్టింది, క్వార్ట్జ్ అనే దారి లేక. ఇప్పుడా ఇబ్బంది లేదు. క్వార్ట్జ్ డైవ్ వాచీలు కొల్లలు. గ్రాండ్ సీకో తన మేలురకం 9ఎఫ్ క్వార్ట్జ్ యంత్రాన్ని కూడా డైవ్ వాచీల్లో పెట్టింది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని రెండు గడులు గీయండి. ఒకదాని మీద "ఒళ్లు", ఇంకోదాని మీద "యంత్రం" అని రాయండి. ఇకపై ఏ వాచీ గురించి ఏ మంచి మాట విన్నా, అది ఏ గడిలోకి వెళుతుందో చూసుకోండి. "నీళ్లలో భయం లేదు" అన్నది యంత్రం గడిలో రాయబోతుంటే చెయ్యి ఆపండి.

2. వారం రోజులు మీ చేతిని గమనించండి

షాపుకు వెళ్లే ముందు చేయాల్సిన పని ఇదే. నాకు తెలిసి ఎవరూ చేయరు. వాచీ ఎప్పుడు పెట్టుకున్నారు, ఎప్పుడు తీశారు, వారం పాటు ఫోనులో రాసుకోండి. ఇప్పుడున్నది ఎంత మామూలు వాచీ అయినా సరే. అసలు వాచీయే లేకపోతే, ఉంటే పెట్టుకునేవాళ్లమా లేదా అని రాసుకోండి.

వారం చివర ఒక్క లెక్క చూడండి: వాచీ చేతికి లేకుండా వరసగా గడిచిన ఎక్కువ గంటలు ఎన్ని? సీకో 4ఆర్36 లాంటి అందరికీ అందే ఆటోమేటిక్ యంత్రం పూర్తి కీ మీద 41 గంటలు నడుస్తుంది. 6ఆర్35 అయితే 70 గంటలు, టిస్సో లాంటి వాచీల్లో వచ్చే పవర్‌మాటిక్ 80 పేరుకు తగ్గట్టే 80 గంటలు. రోజూ పెట్టుకుని రాత్రి మాత్రమే తీసేవాళ్లకు 41 గంటలు చాలు. శని, ఆదివారాలు వాచీ ముట్టని వాళ్లకు 70 గంటలు కావాలి. వారానికి రెండు రోజులే పెట్టుకునేవాళ్లకు దాదాపు ఏ ఆటోమేటిక్ అయినా ఆగుతుంది.

ఇంకో మెలిక. పూర్తి కీ మీద అన్నాను. రోజంతా కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ముందు పనిచేసే చేతికి ఆ కీ నిండకపోవచ్చు. అప్పుడు 41 గంటలు అనుకున్నది అంతకంటే ముందే అయిపోతుంది. యంత్రానికి చేత్తో కూడా కీ ఇచ్చే వీలుంటే పొద్దున ఇరవై, ముప్ఫై చుట్లు తిప్పి సర్దుకోవచ్చు. అన్నిటికీ ఆ వీలు ఉండదు. పాత సీకోల్లో వచ్చిన 7ఎస్26కి చేతి కీ లేదు, క్రౌన్ (టైమ్ పెట్టడానికి పక్కన ఉండే బుడిపె) లాగితే సెకన్ల ముల్లు ఆగదు కూడా. పాత వాచీ కొనేవాళ్లు ఇది అడిగి తెలుసుకోవాలి.

వాచీని తిప్పుతూ ఉండే పెట్టె కొంటే సరిపోదా అంటారు. తేదీ, నెల, లీపు సంవత్సరం అన్నీ చూపే వాచీ ఉంటే దానికి అర్థముంది. మూడు ముళ్ల డైవ్ వాచీకి కరెంటుతో ఇంకో యంత్రం పెట్టడం నాకు నచ్చదు. అంత దూరం వెళ్లాల్సి వస్తోందంటే మీకు కావలసింది క్వార్ట్జ్ అన్నమాట.

3. ఏ తప్పు మిమ్మల్ని ఎంత గుచ్చుతుందో తేల్చుకోండి

రోజులో 86,400 సెకన్లు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ (బాగా ఖచ్చితంగా నడిచే వాచీ) సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ మెకానికల్ వాచీకి పెట్టే హద్దు రోజుకు సగటున 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు. రోలెక్స్ తన వాచీలకు అటూ ఇటూ 2 సెకన్లు అంటుంది. సీకో 4ఆర్36కి కంపెనీ చెప్పుకునే హద్దు చాలా వెడల్పు: 35 సెకన్లు వెనక్కి, 45 సెకన్లు ముందుకు. చేతికి వచ్చేవి మామూలుగా దానికంటే బాగానే నడుస్తాయి, కానీ బాగా నడవకపోతే పోట్లాడడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

మామూలు క్వార్ట్జ్ నెలకు 15 నుంచి 20 సెకన్లు తప్పుతుంది. మేలురకం క్వార్ట్జ్ అంటే ఏడాది లెక్కలో మాట్లాడేవి. గ్రాండ్ సీకో 9ఎఫ్ ఏడాదికి 10 సెకన్లు, లాంజీన్స్ వీహెచ్‌పీ 5 సెకన్లు. సిటిజన్ 2019లో తెచ్చిన క్యాలిబర్ 0100 అయితే ఏడాదికి ఒక్క సెకను. రోజుకు 5 సెకన్లు ముందుకు పరుగెత్తే మంచి ఆటోమేటిక్, 9ఎఫ్ ఏడాది మొత్తం మీద చేసే తప్పును రెండు రోజుల్లో చేసేస్తుంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, మేలురకం క్వార్ట్జ్‌కు డబ్బు ఎందుకు పెడుతున్నామో తెలుస్తుంది. వాచీల్లో ఉండే శ్రుతిదండం ఆకారపు స్ఫటికం సుమారు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా కంపిస్తుంది. వేడెక్కినా, చల్లబడినా నెమ్మదిస్తుంది. 5 డిగ్రీల చలిలో వదిలేస్తే రోజుకు సుమారు ఒక సెకను వెనకబడుతుంది. చేతికి ఉన్నంతసేపు మన ఒంటి వేడి దాన్ని కాపాడుతుంది. అంటే మామూలు క్వార్ట్జ్‌కు కూడా బల్ల మీద ఒక నడక, చేతి మీద ఒక నడక ఉంటాయి. 9ఎఫ్ యంత్రం వాచీ లోపలి ఉష్ణోగ్రతను రోజుకు 540 సార్లు కొలిచి ఆ మేరకు లెక్క సరిచేసుకుంటుంది. అందుకు వాడే స్ఫటికాలను ముందే మూడు నెలలు నడిపి, నడక స్థిరపడిన వాటిని ఏరుకుంటారు. పైకి మాత్రం మామూలు వాచీలాగే టిక్, టిక్ అంటుంది. చేసే పని పైకి చూపించుకోని వస్తువులంటే నాకు ఇష్టం, అందుకే ఇక్కడ నా మాట కొంచెం అటువైపు మొగ్గుతుంది, చూసుకోండి.

ఇప్పుడు మీ వంతు. నెలకు రెండున్నర నిమిషాలు తేడా వస్తే మీకు ఏమవుతుంది? నిజంగా ఏమీ కాదు. బస్సు తప్పిపోదు, మీటింగ్ ఆగదు. రోజుకు 5 సెకన్ల తప్పు అంటే 99.994 శాతం సరిగ్గా నడిచినట్టు. స్ప్రింగు, పళ్ల చక్రాలతో నడిచే వస్తువుకు అది గొప్ప సంగతి. కాబట్టి అడగాల్సింది అవసరం గురించి కాదు. ఫోను పక్కన పెట్టి సెకన్లు పోల్చి చూసుకునే జబ్బు మీకుందా? ఉంటే దాచుకోకండి. ఆటోమేటిక్ కొన్నాక ఆ జబ్బు ముదురుతుంది.

ఆ జబ్బులో సంతోషం కూడా ఉంది, కాదనను. ఆటోమేటిక్ వాచీ పడుకోబెట్టిన తీరును బట్టి నడక మారుస్తుంది. రాత్రి డయల్ పైకి పెడితే ఒకలా, క్రౌన్ కిందికి వచ్చేలా నిలబెడితే ఇంకోలా. ఏ వాచీ ఎటు తూగుతుందో దానిదే. నాలుగు రాత్రులు నాలుగు రకాలుగా పెట్టి రాసుకుంటే, పగలు ముందుకు పోయిన 4 సెకన్లను రాత్రి వెనక్కి లాగే భంగిమ దొరకవచ్చు. ఇలా సర్దడం మీకు ఆటలా అనిపిస్తే ఆటోమేటిక్ గడిలో ఒక గట్టి టిక్ పెట్టండి.

4. నీళ్ల లెక్క చూడండి

డయల్ మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకు దిగవచ్చని కాదు. చేతులు కడుక్కునేటప్పుడు పడే నీళ్లకు సరిపోతుందని అర్థం. ఈత కొట్టేవాళ్లకు 100 మీటర్లు, స్క్రూలా తిప్పి బిగించే క్రౌన్ కావాలి. 200 మీటర్లు ఉంటే మామూలు మనిషికి ఆలోచనే అక్కర్లేదు. 1000 మీటర్లు చేతికి బరువు.

నిజంగా గాలి సిలిండర్ కట్టుకుని దిగేవాళ్లు ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష చేసిన వాచీనే చూడాలి. డయల్ మీద గానీ వెనక మూత మీద గానీ "డైవర్స్" అనే మాట, దాని పక్కన లోతు ఉంటాయి. ఆ ప్రమాణంలో కనీసం 100 మీటర్లు ఉండాలి, రాసిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడికి తట్టుకోవాలి, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైమ్ కనిపించాలి, వాచీ నడుస్తోందని తెలియాలి. సెల్లుతో నడిచేదైతే సెల్లు అయిపోవస్తున్నట్టు ముందే చెప్పే గుర్తు కూడా ఉండాలి. అందుకే చాలా క్వార్ట్జ్ వాచీల్లో సెల్లు చివరికి వచ్చేసరికి సెకన్ల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు ఒక్కసారిగా దూకుతుంది. అది పాడవడం కాదు, ముందస్తు హెచ్చరిక.

బెజెల్ ఒకవైపే తిరుగుతుంది, ఎందుకో తెలుసా? దేనికైనా తగిలి జరిగినా, నీళ్లలో గడిపిన సమయాన్ని ఉన్నదానికంటే ఎక్కువగానే చూపాలి, తక్కువగా చూపకూడదు. ఎక్కువ చూపితే త్వరగా పైకి వస్తారు. తక్కువ చూపితే గాలి అయిపోతుంది. నీళ్ల జోలికి వెళ్లని వాళ్లకూ ఈ బెజెల్ బాగా పనికొస్తుంది: పార్కింగ్ గడువు, వ్యాయామం, పిల్లాడి చదువు గంట. ఫోన్ టైమర్ కంటే తొందరగా పెట్టుకోవచ్చు. మేలురకం క్వార్ట్జ్‌లో ఎక్కువ భాగం బెజెల్ లేని నాజూకు వాచీలే కాబట్టి, ఇది వాడతారా లేదా అన్నది కాగితం మీద రాసుకోండి.

5. వాచీ నోరు ఎన్నిసార్లు తెరుస్తారో లెక్కపెట్టండి

వాచీలోకి నీళ్లు వచ్చే దారులు ముఖ్యంగా రెండు: క్రౌన్, వెనక మూత. యంత్రం ఎంపిక ఈ రెండింటినీ వేరువేరుగా తాకుతుంది. ఒళ్లు, యంత్రం మళ్లీ కలిసే చోటు ఇదొక్కటే.

ఆటోమేటిక్ ఆగినప్పుడల్లా క్రౌన్ మర విప్పాలి, లాగాలి, టైమ్ పెట్టాలి, మళ్లీ బిగించాలి. వారానికోసారి ఆగే వాచీ అయితే ఏడాదికి యాభై సార్లు. ఆ మర అరిగేదీ, లోపలి రబ్బరు నలిగేదీ అప్పుడే. ఏదో ఒక రోజు తొందరలో సగమే బిగించి నీళ్లలో చెయ్యి పెడతారు. రోజూ పెట్టుకునే వాళ్లకు ఈ గొడవ లేదు. వాళ్లు నెలకోసారి కూడా క్రౌన్ ముట్టరు.

క్వార్ట్జ్‌లో క్రౌన్ ప్రశాంతంగా ఉంటుంది, మూతకే కష్టం. రెండు, మూడేళ్లకోసారి సెల్లు మార్చాలి, అంటే మూత తీయాలి. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఒక చిన్న షాపులో నిలబడి ఐదు నిమిషాల్లో సెల్లు వేయించుకుని వచ్చాను. రబ్బరు సీలు గాడిలో సరిగా కూర్చోలేదు. వారం తర్వాత వాన నీళ్లకే అద్దం లోపల ఆవిరి పట్టింది, నెల తిరక్కుండా డయల్ మీద మచ్చలు. 200 మీటర్లు అని రాసి ఉన్న వాచీ అది. మూత తీసిన క్షణం నుంచి ఆ అంకెకు అర్థం లేదు, మళ్లీ ఒత్తిడి పరీక్ష చేసేదాకా. అందుకని సెల్లు మార్పించేటప్పుడు రెండే మాటలు అడగండి: కొత్త సీలు వేస్తారా, ఒత్తిడి పరీక్ష చేసి చూపిస్తారా? రెండింటికీ అవునంటేనే వాచీ చేతికివ్వండి. ఇంకొకటి, ఆగిపోయిన క్వార్ట్జ్‌ను సొరుగులో పడేసి మరిచిపోకండి. చచ్చిన సెల్లు కారితే యంత్రాన్ని తినేస్తుంది.

పెద్ద సర్వీసు సంగతి: ఆటోమేటిక్‌ను ఐదు నుంచి పదేళ్లకోసారి పూర్తిగా విప్పి, కడిగి, నూనె వేయాలి. పని తెలిసిన చెయ్యి కావాలి, ఖర్చూ ఎక్కువే. కానీ అలా చేస్తూ పోతే అది మీ తర్వాతి తరానికీ నడుస్తుంది. క్వార్ట్జ్‌లో చక్రాలకు ఒత్తిడి తక్కువ కాబట్టి అరుగుదల తక్కువ, కానీ సర్క్యూట్ పోతే అదే సర్క్యూట్ దొరకాలి. నలభై ఏళ్ల తర్వాత దొరుకుతుందా అన్నది కంపెనీ మీద ఆధారపడి ఉంటుంది. మనవడికి ఇవ్వాలనే కోరిక ఉన్నవాళ్లకు ఆటోమేటిక్ మేలు. మనవడు పెట్టుకుంటాడా అన్నది వేరే సంగతి.

6. అయస్కాంతం, దెబ్బలు

ఆటోమేటిక్ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే, పాడైందని కంగారు పడకముందు అయస్కాంతాన్ని అనుమానించండి. స్పీకర్లు, టాబ్లెట్ కవర్లు, బ్యాగు బటన్లు, అన్నీ దోషులే. వాచీని దిక్సూచి దగ్గర పెడితే దిక్సూచి ముల్లు కదులుతుంది. అయస్కాంతం తీసే చిన్న పరికరంతో కొన్ని సెకన్లలో పోతుంది. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్లు 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా తట్టుకుంటాయి, అవి ఉన్నవాళ్లకు ఈ బెంగ లేదు. క్వార్ట్జ్ మోటారు అయస్కాంతం పక్కన ఉన్నంతసేపు ఆగవచ్చు. తీస్తే మళ్లీ కదులుతుంది, టైమ్ మాత్రం సరిచేసుకోవాలి. సుత్తి పని, టెన్నిస్, డ్రిల్లింగ్ చేసే చేతికి క్వార్ట్జ్ నయం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

7. చేతికి పెట్టి చూడకుండా కొనకండి

ముందు స్కేలుతో మీ మణికట్టు పైభాగపు వెడల్పు కొలవండి. వాచీకి పట్టీ తగిలించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఉండే పొడవు దాన్ని దాటకూడదు. డయల్ వ్యాసం కంటే ఇదే ముఖ్యం. ఆటోమేటిక్ డైవ్ వాచీలు మామూలుగా 12 నుంచి 14 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. పూర్తి చేతుల చొక్కా వేసుకుని వెళ్లి, గుండీ పెట్టి, వాచీ చొక్కా కింద దూరుతుందో లేదో చూడండి. మేలురకం క్వార్ట్జ్‌లు ఇక్కడ సుఖం.

ఆటోమేటిక్ అయితే చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. బరువు తిరిగే గరగర కొంచెం వినిపిస్తుంది, గీసుకునే చప్పుడు మాత్రం ఉండకూడదు. బెజెల్‌ను టక్ టక్‌మని తిప్పి, త్రిభుజం గుర్తు 12కు సరిగ్గా ఎదురుగా ఆగుతుందో చూడండి. క్రౌన్ మరను రెండుసార్లు విప్పి బిగించండి. మర పట్టుకోవడానికి ఒత్తుతూ వెతుక్కోవాల్సి వస్తే ఆ వాచీ వద్దు.

క్వార్ట్జ్ అయితే ఒక నిమిషం పూర్తిగా సెకన్ల ముల్లునే చూడండి. అరవై గీతల మీదా పడాలి. మామూలు వాటిలో 12 దగ్గర సరిగ్గా పడి 4, 5 దగ్గరికి వచ్చేసరికి గీతల మధ్య పడుతుంది. మేలురకం అని డబ్బు తీసుకున్నాక ఇది ఒప్పుకోకూడదు. ముళ్లు కూడా చూడండి. చాలా క్వార్ట్జ్ మోటార్లకు బలం తక్కువ కాబట్టి పలచని ముళ్లు పెడతారు. 9ఎఫ్ లాంటివి బరువైన, వెడల్పాటి ముళ్లను కూడా తిప్పగలవు. చేతిలోకి తీసుకున్న మొదటి క్షణంలోనే ఆ తేడా కంటికి తెలుస్తుంది.

8. ఇంకా తేలకపోతే

కాగితం మీద రెండు గడులూ సమానంగా నిండిన వాళ్లకు మధ్యదారి ఉంది. సిటిజన్ ఎకో-డ్రైవ్ లాంటివి వెలుతురుతో చార్జ్ అవుతాయి. వాటిలో డైవ్ వాచీలూ ఉన్నాయి, సెల్లు కోసం మూత తీసే పని చాలా అరుదు. సీకో 1999లో తెచ్చిన స్ప్రింగ్ డ్రైవ్ ఇంకో రకం: స్ప్రింగు శక్తితోనే నడుస్తుంది, సెల్లు లేదు, కానీ వేగాన్ని స్ఫటికం అదుపు చేస్తుంది. నెలకు 15 సెకన్లలోపు తప్పు, సెకన్ల ముల్లు నీటి మీద పడవలా జారుతుంది. చేతికి లేకపోతే అదీ ఆగుతుందని మరవకండి.

ఉన్నది ఒక్కటే వాచీ, రోజూ పెట్టుకుంటారు, యంత్రమంటే ముచ్చట: ఆటోమేటిక్ డైవ్ వాచీ తీసుకోండి, కనీసం 70 గంటల నిల్వతో. వారంలో కొన్ని రోజులే పెట్టుకుంటారు, సెకన్ల పట్టింపు ఉంది, చొక్కా కింద దూరాలి: మేలురకం క్వార్ట్జ్. నీళ్లూ కావాలి, పట్టింపూ ఉంది: క్వార్ట్జ్ డైవ్ వాచీ. షాపువాళ్లు దీన్ని ముందు చూపించరు, మీరే అడగాలి.

ఏది కొన్నా మొదటి రోజు ఫోను టైమ్‌తో సెకను సహా కలిపి, తేదీ వేసి రాసుకోండి. ఆటోమేటిక్‌ను వారానికి, క్వార్ట్జ్‌ను మూడు నెలలకు మళ్లీ చూడండి. హద్దు దాటితే గ్యారంటీ ఉండగానే తీసుకెళ్లవచ్చు. ఆటోమేటిక్‌లో తేదీ మార్చే ముందు ముళ్లను 6 దగ్గరికి తెచ్చుకోండి. చాలా వాటిలో సుమారు రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్య తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి, అప్పుడు బలవంతంగా తిప్పితే విరగవచ్చు.